హౌండ్ డాగ్ పాట: థార్న్‌టన్‌ది మేలా, ఎల్విస్‌ది మేలా?

అమెరికా పాటల రచయితల జోడీ జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ ఈ పాట కట్టింది బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్ కోసమే. 1952లో లాస్ ఏంజెలస్‌లో రికార్డయిన ఆమె పాటలో, తన పంచన చేరి తిని కూర్చునే మగాణ్ణి ‘హౌండ్ డాగ్’ (వేటకుక్క) అని తిట్టి గెంటేసే ఆడదాని కోపం సూటిగా తగులుతుంది. పీట్ లూయిస్ గిటార్ ఆ గొంతుకు బదులు చెబుతుంటే, ఆమె కేకలేసి అతన్ని ఉసిగొల్పుతుంది. ఎంత ప్రాణమో అందులో! 1953లో ఆర్‌అండ్‌బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల చార్టులో 7 వారాలు మొదటి స్థానం.

ఎల్విస్ ప్రెస్లీ 1956లో న్యూయార్క్‌లో పాడింది, లాస్ వేగాస్‌లో ఫ్రెడ్డీ బెల్ బృందం మాటలు మార్చి పాడిన వరస. అందులో మగాడు పోయి కుక్కే మిగిలింది. కానీ డి.జె. ఫోంటానా డ్రమ్ముల జోరు అదిరిపోతుంది.

చిందెయ్యడానికి ఎల్విస్‌ది పెట్టుకోండి. పాటగా మాత్రం నా ఓటు థార్న్‌టన్‌కే. దానికి తనకు దక్కింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పేది.