సబ్‌వూఫర్ బాక్స్‌కి తెల్ల జిగురు: మూడు ఎండాకాలాల తర్వాత

నా కారు డిక్కీలోని సబ్‌వూఫర్ (లోతైన బేస్ ఇచ్చే స్పీకర్) బాక్స్ సంగతి ఇది: 12 అంగుళాల వూఫర్, 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు), లోపల సుమారు 30 లీటర్ల సీల్డ్ బాక్స్, అంటే గాలి ఎటూ పోకుండా మూసినది. అతికించింది డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అనీ, డి3 గ్రేడు అనీ రాసి ఉండే తెల్ల జిగురుతో. కంపెనీ ఏదన్నది పక్కన పెడదాం, ఈ తరగతి జిగుర్లన్నిటి గుణం దాదాపు ఒకటే.

బోర్డు బోర్డుకి అంటి కూర్చున్న చోట ఈ జిగురుకి వంక పెట్టలేం. ఊడదీయబోతే బోర్డే చీరుతుంది, జాయింటు చెక్కుచెదరదు. సందు ఉన్న చోట మాత్రం దీన్ని నమ్మితే మునిగినట్టే. నా ఫిర్యాదంతా ఈ ఒక్క విషయం మీదే.

రెండో ఏడాది రోహిణి కార్తెలో, 40 హెర్ట్జ్ దగ్గరి బేస్ వచ్చినప్పుడల్లా వెనక నుంచి తుస్సు తుస్సుమని గాలి చప్పుడు మొదలైంది. నంబర్ ప్లేటు, డిక్కీ లైనింగ్, స్టెప్నీ మీది అట్ట బిగించినా పోలేదు. చివరికి 30 హెర్ట్జ్ టోన్ తక్కువ సౌండులో పెట్టి, అగరుబత్తి వెలిగించి అంచుల వెంట మెల్లగా తిప్పితే వెనక పలక కింది మూల దగ్గర పొగ రెపరెపలాడింది. కార్పెట్ లేపి చూస్తే విజిటింగ్ కార్డు దూరేంత సందు, దాదాపు 15 సెంటీమీటర్ల పొడవున.

ఆ ముక్క విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఒక పలక మీద జిగురు పొర నున్నగా, మెరుస్తూ ఉంది. రెండో పలక అంచుకి ఏమీ అంటలేదు. పీచు లేచి ఉంటే బోర్డు తప్పు అనుకోవచ్చు. పొర మెరుస్తోందంటే రెండు పలకలూ కలిసేలోపే జిగురు పైన మీగడ కట్టిందన్నమాట. ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాను కింద ఈ జిగురుకి మూడు నాలుగు నిమిషాలే గడువు, డబ్బా మీద పది అని ఉన్నా సరే. దానికి తోడు కొట్టులో కోయించిన ఆ పలక అంచు మూలమట్టానికి రాలేదు, ఒక చివర సుమారు ఒక ఎంఎం తేడా. రంపపు పొట్టు కలిపిన జిగురుతో ఆ తేడా పూడ్చాను. అక్కడే కొంప ముంచింది. ఈ జిగురులో ఇంచుమించు సగం నీళ్లే. ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, మందంగా పోసిన చోట లోపల బోలు మిగులుతుంది. పొట్టు కలిపిన ముద్ద పైకి నునుపుగా కనిపిస్తుందే గానీ బరువు మోయదు.

ఇక వేడి. బ్లేజువాడ అని పేరుపడ్డ విజయవాడ ఎండలో కిటికీలు మూసి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ వేడికి ఈ రకం జిగురు మెత్తబడి, బరువు మీద ఉన్న జాయింటు కొద్దికొద్దిగా జారుతుంది. డి3 అనేది ఈఎన్ 204 అనే యూరప్ ప్రమాణంలో నీటిని తట్టుకోవడానికి ఇచ్చే గ్రేడు. వేడికి వేరే పరీక్ష ఉంది: ఈఎన్ 14257, వాట్ 91 అని కూడా అంటారు, 80 డిగ్రీల దగ్గర లాగి చూస్తారు. కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సింది అది.

రిపేరులో ఒక మాట గట్టిగా చెప్పాలి: ఎండిన తెల్ల జిగురు మీద కొత్త తెల్ల జిగురు పట్టదు. సందులోకి పిచికారీ చేసి క్లాంపు వేస్తే వారం నిలుస్తుందేమో, అంతే. రెండు వైపులా ఉలితో పచ్చి బోర్డు కనిపించేదాకా గీరి, నిదానంగా ఆరే ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) మెత్తని పొట్టు కలిపి నింపాను. మామూలు ఎపాక్సీ కూడా వేడికి మెత్తబడేదే. అందుకే లోపల మూల పొడవునా 18 ఎంఎం బద్ద అతికించి స్క్రూలు వేశాను. మూడో వేసవి దాటింది, చప్పుడు లేదు. ఆ ఘనత ఎపాక్సీదా, బద్దదా అంటే నా ఓటు బద్దకే.

మిగతా జాయింట్లు ఎందుకు చెక్కుచెదరలేదంటే, వాటికి 9 ఎంఎం లోతు రిబేటు, అంటే రెండో పలక కూర్చునేలా అంచున చెక్కిన మెట్టు, కొట్టి ఉంది. అతికే వైశాల్యం పెరుగుతుంది, పలక కూడా జరగదు. ఎండీఎఫ్ అంచు స్పాంజిలా జిగురు తాగేస్తుంది కాబట్టి ముందు కాస్త నీళ్లు కలిపిన జిగురు ఒక పూత రాసి, పది నిమిషాలాగి, చిక్కటిది రాసి వెంటనే మూసెయ్యాలి. క్లాంపు బిగించాక అంచు వెంట ఆవగింజల్లా బొట్లు వరసగా వస్తే సరిపోయినట్టు. ధారగా కారితే వృథా, అసలు రాకపోతే లోపల ఎండినట్టు. స్క్రూలు క్లాంపు పని చేయడానికే: 4 x 40 ఎంఎం చిప్‌బోర్డు స్క్రూలు, 6 అంగుళాలకొకటి, మూలకి కనీసం 2 అంగుళాల దూరం, ముందుగా 3 ఎంఎం రంధ్రం. రంధ్రం చుట్టూ ఎండీఎఫ్ ఉబ్బుతుంది. దాన్ని ఎమెరీ కాగితంతో రుద్దకపోతే ఆ ఉబ్బే పలకల్ని విడదీసి, మళ్లీ అదే సందు పెడుతుంది.

లోపల మూలలన్నిటికీ వేలితో ఒక వరస జిగురు లాగడం గాలి ఆగడానికి మంచిదే. సిలికాన్ వాడేవాళ్లు వెనిగర్ వాసనొచ్చేది కాక న్యూట్రల్ రకం తీసుకుని, వూఫర్ బిగించే ముందు ఒక రోజు ఆగాలి. సిలికాన్ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి స్పీకర్‌కి మంచిది కాదు.

గంటలో క్లాంపులు తీసెయ్యొచ్చన్నది మొదట్లో నాకు బాగా నచ్చిన గుణం. ఇప్పటికీ కాదనను, కానీ రిబేటు ఉన్న జాయింటుకే. మెట్టు లేకుండా ఊరికే ఆనించి అతికించే బట్ జాయింటుకైతే రాత్రంతా వదిలేస్తున్నాను.

మళ్లీ కొంటానా? కొంటాను, పలకలు నా కళ్లముందే సరిగ్గా కోస్తేనే. నా కారు రోజంతా ఆటోనగర్‌లో నిప్పులు చెరిగే ఎండలో ఉంటుంది, ఆంప్లిఫయర్ 300 వాట్లే. సెల్లార్‌లో నీడన పెట్టుకునేవాళ్లకి ఈ బాధ అసలు ఎదురవకపోవచ్చు. 1000 వాట్లు వేసేవాళ్లకి నా అనుభవం చాలదు. ఒక బాక్స్‌కి పట్టేది 150 గ్రాముల లోపే. చవకగా వస్తుందని నేను తెచ్చిన 5 కిలోల డబ్బాలో మిగిలిందంతా ఏడాది తిరిగేసరికి తోడుకున్న పెరుగులా గడ్డకట్టింది.