పిల్లలతో చూసే కథల సినిమాలు: ఏది ఏ వయసుకి, టీవీలో ఏం సరిచేసుకోవాలి

మే నెల బెజవాడలో పొద్దున పదకొండు దాటితే పిల్లల్ని వీధిలోకి పంపలేం. సాయంత్రం దాకా ఇంట్లో కూర్చోబెట్టాలంటే చాలామందికి ముందు తట్టేవి కథల సినిమాలే. స్నో వైట్, సిండ్రెల్లా, అల్లావుద్దీన్, జలకన్య... బొమ్మల సినిమానే కదా, ఏదైనా ఒకటేలే అని పెట్టేస్తారు. అరగంట తిరిగేసరికి చిన్నది జడుసుకుని అమ్మ కొంగు పట్టుకుంటుంది, పెద్దాడు ఫోన్ అడుగుతాడు. ఎక్కువసార్లు సినిమాలో లోపం ఉండదు. వయసూ భాషా నిడివీ చూసుకోకుండా పెట్టడం వల్లే ఇలా అవుతుంది. అందుకే ఇంట్లో పెట్టుకుని చూడ్డానికి ఏది పనికొస్తుంది, ఎవరికి పనికొస్తుంది అన్న లెక్కలోనే ఈ సమీక్ష.

మేం చూసేది ముఖ్యంగా ఒకటి. అద్భుత కథలో మంత్రగత్తె మంత్రగత్తెలాగే ఉండాలి. పిల్లలు భయపడాలి, ఆ భయం సినిమా అయ్యేలోపు తీరిపోవాలి. భయాన్ని మొత్తం తీసేసిన సినిమా పిల్లలకి చప్పగా ఉంటుంది. భయపెట్టి తీర్చకుండా వదిలేసిన సినిమా రాత్రి నిద్రలోకి వస్తుంది.

ఈ పని ఇప్పటికీ అందరికంటే బాగా చేసింది 1937 నాటి డిస్నీ స్నో వైట్. నిడివి 83 నిమిషాలు, చిన్నపిల్లలు కూర్చోగలిగినంతే. జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో రాణి మూడుసార్లు చంపబోతుంది. మొదట నడుముకి బిగించే తాళ్ళతో, తర్వాత విషం పూసిన దువ్వెనతో, చివరికి ఆపిల్‌తో. ఆఖర్న ఆమెకి ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులు తొడిగి ప్రాణం పోయేదాకా ఆడిస్తారు. సినిమా తాళ్ళూ దువ్వెనా వదిలేసింది, ఇనుప చెప్పులకి బదులు రాణిని కొండ మీంచి పడేసింది. ఇన్ని తీసేసినా భయం మాత్రం చెక్కుచెదరలేదు. రాణి మాయమందు తాగి ముసలిదానిగా మారే చోటు గమనించండి. ముందు జుట్టు తెల్లబడుతుంది, తర్వాత చేతులు ఎండి వేళ్ళు వంకర్లు తిరుగుతాయి, గొంతు కీచుమంటుంది. మొహం మాత్రం గుడ్డ చాటునే ఉంచి అన్నీ అయ్యాక చూపిస్తారు. ఆ ఆలస్యంలోనే ఉంది భయమంతా.

అంతకుముందు స్నో వైట్ అడవిలో పరిగెత్తే ఘట్టం ఉంది. చెట్ల కొమ్మలు చేతుల్లా పట్టి లాగుతుంటాయి, చీకట్లో ఎటు చూసినా కళ్ళే. పిల్లలు భయపడుతున్నారని కొందరు తల్లిదండ్రులు ఇక్కడ ముందుకి జరిపేస్తారు. అలా చేయొద్దు. ఆమె కూలబడి ఏడ్చాక వెలుతురొస్తుంది, ఆ కళ్ళన్నీ కుందేళ్ళవీ జింకలవీ అని తెలుస్తుంది. భయం పుట్టించిన చోటే దాన్ని తీర్చేశారు. సగంలో జరిపేస్తే బిడ్డకి భయం మిగిలిపోతుంది, ఊరట పోతుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు, ఐదేళ్ళ పిల్లలూ దాటేస్తారు. ఎనిమిది దాటినవాళ్ళకి మాత్రం మరుగుజ్జుల ఇల్లు ఊడ్చే పాటా, స్నానాల పాటా కాస్త సాగదీతగా అనిపించొచ్చు.

సిండ్రెల్లాలో రెండు ముఖ్యమైనవి. 1950 నాటి బొమ్మల సినిమా 74 నిమిషాలు. సగం ఎలుకలూ పిల్లీ చేసే అల్లరే కాబట్టి నాలుగైదేళ్ళవాళ్ళకి ఇదే సరి. 2015లో కెన్నెత్ బ్రానా తీసింది 105 నిమిషాలు, మనుషులు నటించింది. మొదట్లోనే తల్లీ, తర్వాత తండ్రీ పోతారు కనుక ఏడేళ్ళు నిండాక పెట్టండి. సవతి తల్లిగా కేట్ బ్లాంచెట్ గొంతు పెంచకుండానే గదంతా చల్లబరుస్తుంది. రెండింట్లోనూ గాజు చెప్పు పగులుతుంది. పాతదాంట్లో సవతి తల్లి కర్ర అడ్డుపెట్టి సేవకుణ్ణి తూలేలా చేస్తుంది, కొత్తదాంట్లో అటక మీద తన చేత్తోనే పగలగొడుతుంది. పాతదాంట్లో మరుక్షణమే సిండ్రెల్లా రెండో చెప్పు తీసి చూపిస్తుంది. ఆ చోట చప్పట్లు కొట్టని పిల్లలుండరు. ఫ్రెంచి రచయిత పెరో 1697లో రాసిన కథే రెండింటికీ ఆధారం, గుమ్మడికాయ రథం అక్కడిదే. గ్రిమ్ కథలో అక్కలు చెప్పు పట్టడం కోసం వేలు ఒకరు, మడమ ఒకరు కోసుకుంటారు. అది వదిలేయడమే మంచిదైంది.

జలకన్య దగ్గర కొత్తదాని కంటే పాతదే నయం. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన కథలో ఆ పిల్ల నాలుక పోగొట్టుకుంటుంది, అడుగడుక్కీ కత్తుల మీద నడిచినంత బాధ పడుతుంది, చివరికి రాకుమారుడు దక్కక సముద్రపు నురగైపోతుంది. సినిమాలు రెండూ పెళ్ళితో ముగించాయి. 1989ది 83 నిమిషాలు, 2023ది 135 నిమిషాలు. కొత్తదాంట్లో నీళ్ళ అడుగు దృశ్యాలు చీకటిగా ఉంటాయి. మధ్యాహ్నం కిటికీలు తెరిచిన హాల్లో పెడితే టీవీలో మీ మొహాలే కనిపిస్తాయి. అదే చూడాలనుకుంటే పరదాలు వేసి రాత్రిపూట పెట్టండి.

ఫ్రోజెన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చూడని పిల్లలు తక్కువ. ఆండర్సన్ 1844 నాటి మంచు రాణి కథలోంచి గుండెలో దిగిన ముక్కని తీసుకుని, రాణినే కథానాయికని చేశారు. తెలుగులో కావాలంటే 2019 నాటి రెండో భాగం ఉంది, ఎల్సాకి నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకి మహేశ్‌బాబు కూతురు సితార గొంతిచ్చారు. గొంతులు చక్కగా కుదిరాయి. కథలో తాతల కాలం నాటి ఆనకట్ట, పాత పగలు, నాలుగు భూతాలు కలగలిసి ఉండటంతో ఆరేళ్ళలోపు వాళ్ళు దారి తప్పుతారు.

పినోకియో పేరు చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ. 1940 సినిమా 88 నిమిషాలు, బొమ్మలు కన్నుల పండుగ. కానీ అందులో అల్లరి పిల్లలు గాడిదలైపోయే ఘట్టం ఉంది. ఒకడు అమ్మా అని అరుస్తుండగానే ఆ అరుపు గాడిద ఓండ్రగా మారిపోతుంది. పినోకియో తప్పించుకుంటాడు, మిగతా పిల్లల్ని విడిపించడానికి సినిమాలో ఎవరూ రారు. ఇదే మేం చెప్పిన తీరని భయం. ఎనిమిదేళ్ళ ముందు పెట్టకండి, పెట్టాక ఆ పిల్లలేమయ్యారని అడిగితే దాటవేయకుండా మాట్లాడండి. నిజానికి దీన్ని రాసిన ఇటలీ రచయిత కొల్లోడి 1881లో పిల్లల పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టినప్పుడు కొయ్యబొ‌మ్మని చెట్టుకి ఉరి తీసి ఆపేశాడు. పాఠకులు పట్టుబడితేనే కథ మళ్ళీ సాగి 1883లో పుస్తకమైంది.

నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న 2022 పినోకియో దర్శకుడు గియెర్మో దెల్ తోరోది. మన నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన వేడుకలోనే దీనికీ ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. 117 నిమిషాలు, నియంత ముస్సోలినీ కాలపు ఇటలీ, బాంబు పడి చనిపోయిన కొడుకు, తాగిన మైకంలో బొమ్మ చెక్కే తండ్రి. చావు గురించి ఇంత నిజాయతీగా మాట్లాడిన పిల్లల సినిమా మరొకటి దొరకడం కష్టం. పదేళ్ళు దాటినవాళ్ళకీ పెద్దవాళ్ళకీ తప్పకుండా చూపించాల్సిందే. చిన్నవాళ్ళకి మాత్రం వద్దు.

ఈ సినిమాకి ముందు టీవీలో ఒకటి ఆపాలి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అని ఉండే సదుపాయం రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని పుట్టించి కదలికని నునుపు చేస్తుంది. క్రికెట్‌కి బాగుంటుంది. కానీ ఈ పినోకియో స్టాప్ మోషన్ సినిమా. స్టాప్ మోషన్‌లో బొమ్మని చేత్తో కొంచెం కొంచెం కదుపుతూ సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తారు, సాధారణంగా ఒక్కో భంగిమ రెండు ఫ్రేములు నిలుస్తుంది. టీవీ వాటి మధ్య సొంతంగా ఫ్రేములు కలిపితే చేతుల అంచులు జిగురులా సాగుతాయి, కొయ్యలోని బిరుసు పోతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీలో అది పెడితే ఇదంతా ఒకేసారి ఆగిపోతుంది.

ఇక అల్లావుద్దీన్. ఇది వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబ్బీ ప్రతుల్లో లేని కథ. సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో చెప్తే విని, గాలాండ్ తన ఫ్రెంచి అనువాదంలో చేర్చాడు. 2019 సినిమా 128 నిమిషాలు, తెలుగులో భూతానికి వెంకటేశ్, అల్లావుద్దీన్‌కి వరుణ్ తేజ్ గొంతిచ్చారు. వెంకటేశ్ హాస్యం పిల్లలకి ఇట్టే పట్టేస్తుంది, అక్షరాలు చదవలేని వయసువాళ్ళకి ఇదే వాడండి. మనుషుల మొహాలు దగ్గరగా చూపించినప్పుడు మాటకీ పెదవులకీ పొత్తు కుదరదు. బొమ్మల్లో ఇది అంత కనిపించదు. దుష్ట మంత్రి జాఫర్ మాత్రం మాకు నచ్చలేదు. అతనికి అలగడం తెలుసు, భయపెట్టడం తెలీదు.

జాఫర్‌లో లేనిదేమిటో తెలియాలంటే పాతాళభైరవి పెట్టండి. 1951లో కె.వి.రెడ్డి తీసిన ఈ సినిమాలోనూ దూరదేశం నుంచి సాహసవంతుడి కోసం వచ్చే మాంత్రికుడు, కోరింది ఇచ్చే వస్తువు, రాత్రికి రాత్రి లేచి తర్వాత మాయమైపోయే మేడ ఉన్నాయి. దీపం బదులు భైరవి ప్రతిమ. మిగతాదంతా మన మట్టి వాసనే: తోటరాముడు, అంజి, ఉజ్జయిని, పింగళి మాటలు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడిగా "సాహసం శాయరా డింభకా" అని దీర్ఘం తీస్తుంటే పిల్లలు నవ్వుతూనే వెనక్కి జరుగుతారు. నవ్వూ భయమూ ఒకే గొంతులో పలికించడమే ఆయన గొప్పతనం. మొసలి ఘట్టం చూడండి. రాముడు దాన్ని చంపగానే అది శాపం తీరిన స్త్రీగా మారి మాంత్రికుడి గుట్టు విప్పుతుంది. భయం తీరింది, ముందు రాబోయే భయానికి ఉపాయమూ దొరికింది. మేం పైన చెప్పిన లెక్కకి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ దేశపు సినిమాలోనూ చూడలేదు.

దీంతో చిక్కల్లా నిడివే, మూడు గంటలు దాటుతుంది. ఒక్క బిగిన వద్దు. మాంత్రికుడి తల తెగి ప్రతిమ రాముడి చేతికొచ్చే దగ్గర ఆపి, మిగతాది మర్నాడు పెట్టండి. మాంత్రికుడు చచ్చాడుగా, ఇంకేముందని పిల్లలు రాత్రంతా వాదించుకుంటారు. నలుపు తెలుపు చూసి మొదటి పది నిమిషాలు మొహం తిప్పుకునే పిల్లలుంటారు, "నరుడా, ఏమి నీ కోరిక" దాకా వస్తే ఇక కదలరు. ఎదిగిన పిల్లలకి దీని తర్వాత సింగీతం తీసిన భైరవద్వీపం (1994) సరిగ్గా అతుకుతుంది. బాలకృష్ణ కురూపిగా మారే భాగమే దాని బలం.

పాత సినిమాలన్నిటికీ బొమ్మ కొలత చూసుకోవాలి. స్నో వైట్, పాతాళభైరవి దాదాపు చదరంగా తీసినవి కాబట్టి టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు ఉండటమే సరైనది. జూమ్ నొక్కితే పైన తలలూ కింద కాళ్ళూ తెగుతాయి. యూట్యూబ్‌లో కొందరు బొమ్మని అడ్డంగా సాగదీసి పెడతారు. మొహాలు ఉబ్బినట్టుంటే ఆ ప్రతి వదిలేసి వేరేది వెతకండి, మీ టీవీ సెట్టింగుల్లో అది సరికాదు.

భాష మార్చడానికి సినిమా మొదలయ్యాక రిమోట్ పై లేదా కింది బాణం నొక్కితే ఆడియో, సబ్‌టైటిల్స్ కనిపిస్తాయి. అక్కడ తెలుగు లేకపోతే ఆ సినిమాకి ఆ యాప్‌లో తెలుగు లేదనే అర్థం. హిందీ, తమిళం ఉన్నాయి కదా అని తెలుగూ ఉంటుందనుకోవద్దు, పిల్లల్ని కూర్చోబెట్టకముందే చూసుకోండి. పాట మోగిపోతూ మాట వినపడకపోతే తప్పు డబ్బింగ్‌ది కాకపోవచ్చు. శబ్దాన్ని చాలా స్పీకర్లకి విడివిడిగా పంచే 5.1 పద్ధతిలో మాటలు మధ్య స్పీకర్‌కి ఇస్తారు, అది లేని టీవీలో నలిగిపోతాయి. సౌండ్ సెట్టింగుల్లో స్టీరియో లేదా పీసీఎం ఎంచుకోండి, క్లియర్ వాయిస్ లాంటిది ఉంటే వేయండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద చూసేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, హెచ్‌డీ అంటే గంటకి 3 జీబీ దాకా పోతుంది. ముందురోజే ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే కరెంటు పోయినా ఆట ఆగదు.

పిల్లల ప్రొఫైల్ తెరిచి యూ లేదా యూఏ 7+ దాకానే పెట్టండి. ఆ గుర్తు హింస, బూతు ఎంతుందో చెప్తుంది కానీ తల్లి చనిపోయే దృశ్యం ఉందో లేదో చెప్పదు. అది మీరే ముందు చూసుకోవాలి.

హాల్లో చూడాలనుకుంటే గాంధీనగర్ అయినా బెంజిసర్కిల్ వైపు మల్టీప్లెక్సులైనా, బుకింగ్ యాప్‌లో సినిమా పేరు కింద భాష తెలుగు అని ఎంచుకున్నాకే సమయాలు చూడండి. ఇంగ్లిష్ ఆట, తెలుగు ఆట, 2డీ, 3డీ విడివిడిగా ఉంటాయి. ఆరేళ్ళలోపు వాళ్ళకి 2డీ తీసుకోండి. పెద్దల కొలతకి చేసిన 3డీ కళ్ళజోడు వాళ్ళ ముక్కు మీద నిలవదు, చేత్తో పట్టుకుని చూసి చూసి అరగంటకి తీసేస్తారు, అప్పట్నుంచి బొమ్మ రెండుగా కనిపిస్తుంది. సీట్లు మధ్య వరస దాటి వెనక, నడవ పక్కన తీసుకుంటే ఏడుపు మొదలైనా ఎవరికీ అడ్డం రాకుండా బయటికి తీసుకెళ్ళొచ్చు.