పాత స్టంప్ గ్రైండర్‌కు ‘అచ్చంగా సరిపోయే’ విడిభాగాలు: కొనే ముందు జాగ్రత్త

చెట్ల మొద్దులను తురిమే స్టంప్ గ్రైండర్, అందులోనూ సొంత చక్రాల మీద కదిలే పాత రకం మీ దగ్గర ఉందా? దానికి విడిభాగాలు వెతుకుతున్నారా? అయితే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మోడల్ పేరు చెబితే చాలు, అచ్చంగా సరిపోయేవి పంపుతామని హామీ ఇచ్చిన ఒక ఆన్‌లైన్ విక్రేత నాకు పంపిన సామానులో బేరింగులు, బోల్టులు, బెల్టులు మూడూ తప్పుడువే. వాటిలో ఒకటి మనిషి ప్రాణం తీయగలదు. నా డబ్బు తిరిగి రాలేదు. అదే సామాను అదే హామీతో ఇంకా అమ్మకానికి ఉంది.

నా యంత్రం అమెరికాలో తయారైంది. ఆ కాలపు అమెరికా యంత్రాల్లో షాఫ్టులు, బోల్టులు, పుల్లీలు ఎక్కువగా అంగుళాల లెక్కలో ఉంటాయి. ఈ విక్రేత మిల్లీమీటర్ల సామాను తెచ్చి, చూపుకు ఒకేలా ఉన్నవాటిని వాటి స్థానంలో అంటగడుతున్నాడు. తేడా రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు.

బేరింగుల సంగతే చూడండి. కోత చక్రం తిరిగే షాఫ్టుకు రెండు పక్కలా పిల్లో బ్లాక్ బేరింగులు (బోల్టులతో బిగించే పీఠంలో కూర్చుని ఉండే బేరింగులు) ఉంటాయి. నా షాఫ్టు మందం ఒకటిన్నర అంగుళం, అంటే 38.1 మిల్లీమీటర్లు. దానికి కావలసింది యూసీ 208-24 అనే నంబరు బేరింగు. చివరి 24ను 16తో భాగిస్తే ఒకటిన్నర వస్తుంది, లోపలి రంధ్రం అన్ని అంగుళాలు. నాకు వచ్చినవి ఉత్త యూసీ 208. ఇక్కడ చివరి 08ని 5తో గుణించాలి, అంటే రంధ్రం 40 మిల్లీమీటర్లు. బయటి పీఠం, బోల్టు రంధ్రాల మధ్య దూరం రెండింటికీ ఒకటే. పెట్టెలోంచి తీసి చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

వెర్నియర్‌తో (మందాలను కచ్చితంగా కొలిచే పరికరం) కొలిచి విక్రేతను అడిగితే వచ్చిన జవాబు: ‘అందుకే కదా రేకు ఇచ్చాం, షాఫ్టుకు చుట్టి బిగించండి’. నిజంగానే పెట్టె అడుగున ఒక పలుచని రేకు ఉంది. సైజు కలవదని వాళ్లకు పంపే ముందే తెలుసన్నమాట! రేకు చుట్టి ఎక్కిస్తే బేరింగు స్క్రూలు షాఫ్టును పట్టుకోవు, రేకును పట్టుకుంటాయి. కోత చక్రం మీది పన్ను మొద్దుకు తగిలిన ప్రతిసారీ షాఫ్టు మీద దెబ్బ పడుతుంది. కొద్ది గంటల పనికే రేకు వదులవుతుంది, షాఫ్టు దాని లోపలే తిరిగి అరిగిపోతుంది. బేరింగు ఎక్కడైనా దొరుకుతుంది. తయారీ ఆగిపోయిన మోడల్‌కు షాఫ్టు దొరకదు, లేత్ మీద కొత్తగా చేయించుకోవలసిందే.

ప్రాణాంతకం అన్నది బోల్టుల గురించి. కార్బైడ్ పళ్ళను చక్రానికి పట్టి ఉంచేవి అవే. నా మాన్యువల్‌లో 5/8 అంగుళం, గ్రేడ్ 8 (గ్రేడ్ అంటే బోల్టు బలాన్ని చెప్పే అంకె) అని స్పష్టంగా ఉంది. పళ్ళ సెట్టుతో వచ్చినవి 16 మిల్లీమీటర్ల బోల్టులు, వాటి తలల మీద 8.8 అని ముద్ర. 5/8 అంగుళం అంటే 15.875 మిల్లీమీటర్లు కాబట్టి లావు దాదాపు సమానమే, నట్లు కూడా తోడిచ్చారు. ‘8.8 అంటే గ్రేడ్ 8 కంటే ఎక్కువే’ అని విక్రేత రాతపూర్వకంగా చెప్పాడు. ఇది పచ్చి అబద్ధం. మిల్లీమీటర్ల బోల్టు మీద మొదటి అంకెను 100తో గుణిస్తే తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది, 8.8కి అది 800. గ్రేడ్ 8కి దాదాపు 1034. దానికి సాటి వచ్చే మిల్లీమీటర్ల రకం 10.9. 8.8 సాటి వచ్చేది గ్రేడ్ 5కే. నిజమైన గ్రేడ్ 8 బోల్టు తల మీద ఆరు గీతలుంటాయి, గ్రేడ్ 5కు మూడు. ఏ గుర్తూ లేనిదాన్ని ఈ చక్రం దగ్గరికే తేవద్దు. పూర్తి వేగంతో తిరిగే చక్రం మీద బోల్టు తెగితే ఆ పన్ను ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పాత యంత్రాల్లో రక్షణ తెరలు చిరిగిపోయో, ఊడిపోయో ఉండడం మామూలే. నడిపే మనిషి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంటాడు. ఇంత తెలిసీ ఇలాంటివి అమ్మేవాళ్లను ఏమనాలి?

బెల్టులు మాత్రం ఎక్కించి నడిపాను. పుల్లీ గాడులు 5వి రకానివి, వచ్చినవి బి రకం (ఇవి బెల్టు అడ్డుకొలతను చెప్పే పేర్లు). పై వెడల్పు ఇంచుమించు ఒకటే, లోతులోనే తేడా: 5వి బెల్టు సుమారు 13.5 మిల్లీమీటర్లు, బి 11 కూడా దాటదు. చక్రం మొద్దులో దిగగానే జారాయి, కాలిన వాసన వచ్చింది, ఆపేశాను. పైగా ఆ సెట్టులోని బెల్టుల పొడవులు కూడా ఒకదానితో ఒకటి కలవలేదు.

వాపసు అడిగితే, బెల్టులు వాడారు కాబట్టి కుదరదన్నారు. బేరింగులు వాడలేదే అంటే పెట్టె విప్పారన్నారు. పెట్టె విప్పకుండా కొలిచేదెలా?

అందుకే మోడల్ పేరు చెప్పి కొనకండి. పాత భాగాన్ని ఊడదీసి, తుడిచి, దాని మీది నంబరు చదవండి, షాఫ్టును వెర్నియర్‌తో కొలవండి. ఆ నంబరు రాసి, ‘ఇదే నంబరు పంపుతారా, వేరేది వస్తే పెట్టె విప్పినా వాపసు తీసుకుంటారా’ అని అడిగి జవాబు రాతలో తీసుకోండి. బేరింగులు, బెల్టులు, బోల్టుల కోసం ఈ యంత్రాల విక్రేత దాకా వెళ్లనే అక్కరలేదు. నంబరు చేతిలో ఉంటే మామూలు బేరింగుల దుకాణంలోనే దొరుకుతాయి. నాకు చివరికి అక్కడే దొరికాయి. చక్రానికే ప్రత్యేకమైన పళ్ళు, వాటి పట్టీల కోసమే ఆ విక్రేతల అవసరం.

కొలిచే ముందు ఇంజన్ తాళం తీసేసి, స్పార్క్ ప్లగ్ తీగను విడదీయండి.

యంత్రాన్ని కదిలించే చక్రాలను నడిపే హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో తిరిగే) మోటారును కూడా అదే విక్రేత దగ్గర ఆర్డర్ పెట్టి, ఇవన్నీ చూశాక రద్దు చేశాను. మీలో ఎవరైనా ఇప్పటికే తెప్పించుకుని ఉంటే బిగించే ముందు దాని షాఫ్టు చూడండి. 25 మిల్లీమీటర్లు, ఒక అంగుళం (25.4) రెండు రకాలూ వస్తాయి. మొదటిదానికి కీ (షాఫ్టు గాడిలో కూర్చుని జారకుండా పట్టే ఇనుప ముక్క) వెడల్పు 8 మిల్లీమీటర్లు, రెండోదానికి 6.35. షాఫ్టు తేడా చేతికి తెలియదు గానీ కీ గాడిని కొలిస్తే వెంటనే తెలిసిపోతుంది. గొట్టాల ఫిట్టింగులకూ ఇదే చిక్కు: అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణం), ఎన్‌పీటీ (అమెరికా ప్రమాణం) మరలు రెండింటికీ అంగుళానికి 14 చుట్లే ఉంటాయి, అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కుతుంది, తర్వాత కారుతుంది. ఆ కారుడును వేలితో తడిమి వెతకవద్దు, సన్నని నూనె ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.