పెద్ద హోమా, చిన్న ఇల్లా, మేనమామ గడపా?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల నుంచి ఏటా ఎవరో ఒకరు మా దగ్గరికి వస్తుంటారు. "స్థలం ఉందమ్మా, విశ్వాసులు సాయం చేస్తామంటున్నారు. దిక్కులేని పిల్లలకు హోమ్ కడదామనుకుంటున్నాం. ఎన్ని గదులు వేయమంటారు?" అంటారు. గదుల సంగతి తర్వాత, ముందు ఆ పిల్లలెవరో చెప్పండి అంటాను. తండ్రి పోయి, తల్లి ఇటుక బట్టీకి వలస వెళ్తే అమ్మమ్మ దగ్గర మిగిలినవాడు వేరు. సవతి తండ్రి చేతిలో వాతలు తేలిన పిల్ల వేరు. ఇద్దరినీ ఒకే కప్పు కింద పడేస్తే ఇద్దరికీ అన్యాయమే.

మేము మొదలుపెట్టింది పెద్ద హోమే. ఒకే హాల్లో నలభై మంది. ఒక వంటమ్మ, ఒక వార్డెన్, గేటుకు వాచ్‌మన్. ఖర్చు కలిసొస్తుంది, అది నిజం. తాగొచ్చి "నా కూతుర్ని పంపండి" అని అరిచే తండ్రికి ఆ గేటే సమాధానం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో సాక్ష్యం చెప్పాల్సిన పిల్లకు ఆ గేటు ఎంత ధైర్యమో నేను చూశాను.

కానీ అదే హాల్లో ఏడేళ్ల పిల్ల ఒకతి రోజూ రాత్రి తన చపాతీలో సగం ట్రంకు పెట్టెలో దాచేది. నెలల తరబడి మాకెవరికీ తెలియలేదు. చీమల బారు కనిపించినప్పుడు వార్డెన్ కేకలేసింది, పెట్టె కడిగించింది. అంతే. తర్వాత ఆ పిల్లను పది మంది ఉండే చిన్న ఇంటికి మార్చాం. అక్కడ పిల్లల్ని చూసుకునే పెద్దమ్మ ఏమీ అనలేదు. చేతికందే అరలో అటుకుల డబ్బా పెట్టి, "ఆకలేస్తే అడగక్కర్లేదు, తీసుకో" అంది. మూడు వారాలు గడిచేసరికి పెట్టెలో బట్టలు తప్ప ఇంకేమీ లేవు. దెబ్బలు తిని వచ్చిన పిల్లలకు చిన్న ఇల్లే మేలని నాకు అప్పుడు తెలిసింది.

చిన్న ఇంటితో తంటా ఏమిటంటే అంతా ఆ పెద్దమ్మ మీదే నడుస్తుంది. ఆవిడ మానేసి వెళ్లిపోతే పిల్లలు రెండోసారి తల్లిని పోగొట్టుకున్నట్టే. ఆవిడే చెడ్డదైతే చూసే కళ్లూ తక్కువ. ఇంకో మాట, ఇల్లు చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద నమోదు లేకుండా పిల్లల్ని ఉంచితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. "ఒక్క రాత్రికి ఉంచండి" అని ఎవరైనా పిల్లవాణ్ణి తీసుకొచ్చినా 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అటు నుంచి వచ్చిన పిల్లవాడికి శ్రీకాకుళం వైపు కాగితాలూ చూసుకోవాలి.

ఇక మూడోది, ఎవరికీ పెద్దగా నచ్చనిది: పిల్లవాణ్ణి బంధువుల ఇంట్లోనే ఉంచి సాయం అందేలా చూడడం. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హత ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. ఇందులో బోర్డు కట్టడానికి గోడ ఉండదు, దాతలకు పంపడానికి ఫొటో ఉండదు. (పిల్లల ఆనవాలు తెలిసే ఫొటోలు మీడియాకెక్కించడాన్ని అదే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఎలాగూ ఒప్పుకోదు. క్రిస్మస్‌కు స్టేజీ ఎక్కించే ముందు అది గుర్తుపెట్టుకోవాలి.) కానీ సవర గిరిజన పిల్లవాడికి సవర భాష మిగులుతుంది. "అన్నం పెట్టి మతం మార్చారు" అనే మాటా రాదు. ఒడిశాలో బలవంతంగా, ఆశపెట్టి మతం మార్చడాన్ని నిషేధించే చట్టం 1967 నుంచే ఉంది కాబట్టి ఆ అనుమానం తేలికైనది కాదు. మా దగ్గర పొద్దున ప్రార్థనకు కూర్చోనన్న పిల్లలు వరండాలో బొమ్మలు గీసుకుంటారు. టిఫిన్ మాత్రం అందరికీ ఒకేసారి.

మేనమామ ఇంట్లో మేకలు కాయిస్తున్నారా, బడికి పంపుతున్నారా అని నెలనెలా వెళ్లి చూసే ఓపిక ఉండాలి. కొట్టినవాడు ఆ చుట్టాల్లోనే ఉంటే మాత్రం ఈ దారి వద్దే వద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

పోయిన నెల ఒక పాస్టరు అయ్యగారు ప్లాను గీయించుకుని వచ్చారు. జాబితాలో పన్నెండు పేర్లు. ఒక్కొక్కరి సంగతీ అడుగుతూ కూర్చున్నాం. ఏడుగురికి అమ్మమ్మో మేనమామో ఉన్నారు. ముగ్గురికి తల్లే ఉంది, కూలికి పోతోంది. మిగిలింది ఇద్దరు. ఆయన ప్లాను మడిచి జేబులో పెట్టుకుని, "ఆ స్పాన్సర్‌షిప్ ఫారం ఎక్కడిస్తారమ్మా?" అన్నారు. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కు దారి చెప్పాను.