ఐదు వేల బహుమతి: బ్యాంకు గిఫ్ట్ కార్డా, షాపు గిఫ్ట్ కార్డా?

వచ్చే నెల గుంటూరు బ్రాడీపేటలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. చీర తీసుకెళ్తే పిల్లకి నచ్చుతుందో లేదోనని, ఐదు వేలకి గిఫ్ట్ కార్డు ఇద్దామనుకున్నాం. "వదినా, బ్యాంకు కార్డయితే ఎక్కడైనా వాడుకోవచ్చు కదా" అంది ఆడపడుచు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షోరూం బిల్లింగ్ కౌంటర్లో ఆరేళ్లు కూర్చున్నదాన్ని. అందుకే చుట్టాలూ, అపార్ట్‌మెంట్ వాళ్లూ నన్ను అడిగే ప్రశ్న కూడా ఇదే: బ్యాంకు కార్డు మంచిదా, షాపు కార్డా?

ఆమె మాట నిజమే. ఎక్కడైనా చెల్లడం బ్యాంకు కార్డుకున్న పెద్ద సుగుణం. రిజర్వు బ్యాంకు నిబంధనలూ దానికే వర్తిస్తాయి: ఒక్కో కార్డులో పది వేలకు మించి వేయకూడదు, కనీసం ఏడాది గడువు ఇవ్వాలి. మళ్లీ నింపుకోవడానికీ, ఏటీఎంలో నగదు తీసుకోవడానికీ మాత్రం వీలుండదు.

నేను చూసే తేడా వేరు. కార్డులో ఉన్నదానికన్నా బిల్లు ఎక్కువైతే ఏమవుతుంది? బ్యాంకు కార్డులో 2,000 ఉంది, బిల్లు 2,340 అయింది అనుకోండి. మన దగ్గర మిషన్ సాధారణంగా ఉన్న రెండు వేలూ తీసుకుని మిగతాది అడగదు, మొత్తాన్నే తిప్పికొడుతుంది. వెనక క్యూ. "డబ్బుందమ్మా, నిన్ననే ఇచ్చారు" అంటూ కార్డు తిప్పి తిప్పి చూసుకునే పెద్దాయన ముఖం నాకింకా గుర్తుంది. అలాంటప్పుడు గీకకముందే "దీని మీద సరిగ్గా రెండు వేలు కొట్టండి, మిగతాది ఫోన్‌పే చేస్తాను" అని చెప్పాలి. అందుకు కార్డులో ఎంతుందో రూపాయితో సహా తెలియాలి. ఆన్‌లైన్‌లో చాలాచోట్ల ఒక ఆర్డరుకి ఒకే కార్డు కాబట్టి చివరి మూడు నాలుగు వందలు అలా మిగిలిపోతాయి.

దీనికన్నా పెద్ద చిక్కు హోల్డ్. కార్డు చెల్లింపు రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు "ఇంత ఉందా" అని అడిగి ఆ మొత్తాన్ని మనం వాడుకోకుండా కార్డులోనే ఆపి ఉంచుతారు, అదే హోల్డ్. తర్వాత అసలు లెక్క తేలుతుంది. బట్టల షాపులో రెండూ ఒకటే కాబట్టి మనకి తెలియదు, హోటల్లో తెలుస్తుంది. మా మరిది ఆఫీసులో ఇచ్చిన ఐదు వేల కార్డుతో విజయవాడలో గది తీసుకున్నాడు. అద్దె 2,600 అయితే, భోజనాలూ అవీ కలుపుకుని రిసెప్షన్‌లో 4,000 హోల్డ్ పెట్టారు. పొద్దున బిల్లు 3,150. ఆ హోల్డ్ నుంచే తీసుకుంటే గొడవే లేదు. డ్యూటీ మారి వచ్చిన కుర్రాడు కొత్తగా గీకాడు. కార్డులో వాడుకోవడానికి మిగిలింది వెయ్యి, ఇంకేముంది, డిక్లైన్. చివరికి ఫోన్‌లోంచి కట్టి బయటపడ్డాడు. హోల్డ్‌లో ఆగిన నాలుగు వేలు ఎనిమిదో రోజుకి గానీ తిరిగి రాలేదు. జీతం పడే ఖాతాలోనైతే నాలుగు వేలు వారం ఆగినా ఓర్చుకుంటాం. గిఫ్ట్ కార్డులో ఆగిపోయేది దాదాపు బహుమతి మొత్తం.

"డబ్బు తిరిగి రావడం ఐదు రోజులు దాటితే బ్యాంకు రోజుకి వంద ఇవ్వాలటగా" అని అడుగుతారు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆ ఆదేశం, డబ్బు కట్ అయినా షాపుకి అందిన కబురు రానప్పటి కోసం. హోటల్ పెట్టిన హోల్డ్ విఫలమైన చెల్లింపు కాదు. కాబట్టి ముందు ఫోన్ చేయాల్సింది హోటల్‌కే. స్లిప్పు మీది అప్రూవల్ నంబరు చెప్పి, హోల్డ్ విడుదల చేయమని గట్టిగా అడగాలి. ఆ స్లిప్పు పారేయకండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. అక్కడ పెట్రోలు పంపు దగ్గర కార్డు పెడితే 175 డాలర్ల దాకా హోల్డ్ పడొచ్చు. యాభై డాలర్ల గిఫ్ట్ కార్డు అక్కడ పనిచేయకపోవచ్చు. లోపల కౌంటర్లో ముందే ఇరవై డాలర్లకని చెప్పి కొట్టించుకోవాలి. రెస్టారెంట్‌లో టిప్పు తర్వాత కలిపితే కార్డు మైనస్‌లోకి పోవచ్చు, ఆ తేడా మననే కట్టమంటారు. మన బంకుల్లో కుర్రాడు ఎంతో కొట్టాకే మనం పిన్ నొక్కుతాం కాబట్టి ఆ బెడద లేదు.

షాపు కార్డుకి ఈ తలనొప్పులేవీ ఉండవు. బాలెన్స్ షాపు కంప్యూటర్లోనే ఉంటుంది. ఉన్నంత తీసేసుకుని "ఇంకో 340 ఇవ్వండి" అంటుంది. హోల్డ్ లేదు. మా కౌంటర్లో అయితే వాపసు ఇచ్చిన సరుకు డబ్బు అక్కడికక్కడే కార్డులో పడేది. లోపమల్లా ఆ షాపులోనే చెల్లడం. అదీగాక ఇవి రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచేవి కావు, షాపు మూతపడితే అంతే సంగతులు. అందుకే ఏళ్లుగా నడుస్తున్న షాపుదే తీసుకోవాలి.

ఫోన్‌పే చేయడమో, కవర్లో నగదు పెట్టడమో అన్నిటికన్నా సుళువు. కానీ అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది, పిల్ల చేతికి రాదు.

చివరికి విజయవాడలోనూ, గుంటూరు లక్ష్మీపురంలోనూ శాఖలున్న బట్టల షాపు కార్డే తీసుకున్నాను. కవరు మీద మొత్తం, గడువు తేదీ పెన్నుతో రాశాను. బాలెన్స్ సున్నా అయినా కార్డు పారేయొద్దని ఆడపడుచుకి ఫోన్లో చెప్పాను. సైజు సరిపోక ఏదైనా వాపసు ఇస్తే డబ్బు దాంట్లోకే వస్తుంది.