జాగ్రత్త: లింక్ పెడితే పని చేయని డేటాబేస్ టూల్, రీఫండ్ కూడా లేదు

ఏ టూలో మీకు నేను చెప్పక్కర్లేదు. "ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్" అని యాడ్లతో ఊదరగొడుతున్నారే, అదే. బుద్ధి లేక ఏడాది లైసెన్స్ ఒకేసారి కొన్నాను. ఆప్ట్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, కమాండ్లు ఉండే లోకల్ బిన్ ఫోల్డర్‌లో సింబాలిక్ లింక్ (అసలు ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్ లాంటిది) పెట్టాను. రన్ చేస్తే, తన లైబ్రరీ ఫైళ్లుండే లిబ్ ఫోల్డర్ లేదంది. టూల్‌ని మొదలుపెట్టే లాంచర్ స్క్రిప్ట్ తెరిస్తే డర్‌నేమ్ డాలర్ జీరో, అంతే! డాలర్ జీరో అంటే స్క్రిప్ట్‌ని పిలిచిన దారి, డర్‌నేమ్ అందులోంచి ఫోల్డర్ తీసిస్తుంది. లింక్ ద్వారా పిలిస్తే డాలర్ జీరోలో వచ్చేది లింక్ ఉన్న చోటు, అసలు ఫైల్ ఉన్న చోటు కాదు. పాపం, లిబ్ కోసం బిన్ చుట్టూ వెతుక్కుంటోంది.

సపోర్ట్‌కి రాస్తే వచ్చిన జవాబు: "సింబాలిక్ లింకులు మా సపోర్ట్ పరిధిలోకి రావండీ." లింక్ పెట్టుకోమని రాసింది వాళ్ల ఇన్‌స్టాల్ గైడ్‌లోనే! స్క్రీన్‌షాట్ పంపాను. సారీ లేదు సరికదా, మర్నాడు చూస్తే గైడ్‌లోంచి ఆ లైనే మాయం. స్క్రిప్ట్ సరిచేయడానికి లేని తీరిక, సాక్ష్యం చెరపడానికి దొరికింది.

గొడవ చేస్తే అప్‌డేట్ ఇచ్చారు, లింక్ ఎటు చూపిస్తోందో చెప్పే రీడ్‌లింక్ కమాండ్‌కి మైనస్ ఎఫ్ తగిలించి, అంటే లింకులన్నీ దాటి అసలు ఫైల్ దాకా వెళ్లమని. లినక్స్‌లో బాగానే ఉంది. నా మ్యాక్‌లో ఉన్నది పాత మ్యాక్ఓఎస్, బిగ్ సర్. యాపిల్ రీడ్‌లింక్‌కి ఆ ఆప్షన్ వచ్చిందే 2022లో, దాని తర్వాతి వెర్షన్ మాంటెరీ 12.3తో. కమాండ్ ఫెయిలై ఖాళీ వస్తుంది, ఖాళీకి డర్‌నేమ్ ఇచ్చేది చుక్క, అంటే నేను ఏ ఫోల్డర్‌లో నిలబడితే అదే. ఎర్రర్ వచ్చాక ఆగాలన్న ఇంగితం స్క్రిప్ట్‌కి లేదు. నా ప్రాజెక్ట్ ఫోల్డర్ నిండా వాళ్ల లాగ్స్, క్యాష్ ఫైళ్లు! 2015లో గేముల యాప్ స్టీమ్ వాళ్ల లినక్స్ స్క్రిప్ట్ ఇలాగే ఫోల్డర్ పేరు ఖాళీ అయిపోయి, ఫైళ్లు చెరిపే ఆర్ఎమ్ కమాండ్ నడిపి ఒకాయన ఫైళ్లన్నీ ఊడ్చేసింది. ఆయన కూడా ఫోల్డర్ వేరే చోటికి మార్చి లింక్ పెట్టుకున్నవాడే. నాకు లాగ్స్‌తోనే పోయింది, సంతోషించాలి.

ఇదంతా చెబితే "మ్యాక్ అప్‌గ్రేడ్ చేసుకోండి" అన్నారు. కీ యాక్టివేట్ అయింది కాబట్టి రీఫండ్ కుదరదట.

కొనేవాళ్లు ట్రయల్‌లోనే లింక్‌కి లింక్ పెట్టి, పేరులో స్పేస్ ఉన్న ఫోల్డర్‌లోంచి కూడా నడిపి చూడండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు స్క్రిప్ట్‌లో ఆ మైనస్ ఎఫ్ లైన్ తీసేసి లూప్ రాసుకోండి: లింక్ అయినంతసేపూ ఉత్త రీడ్‌లింక్, వచ్చింది స్లాష్‌తో మొదలవకపోతే ముందు ఆ లింక్ ఉన్న ఫోల్డర్ చేర్చాలి, చివర్లో ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోకి సీడీ మైనస్ పెద్ద పి, అసలు చోటు చెప్పడానికి పీడబ్ల్యూడీ. పేర్లలో స్పేస్ ఉంటే తెగిపోకుండా వాటి చుట్టూ కోట్స్ మాత్రం మర్చిపోవద్దు.