డ్యూస్ అండ్ ఎ హాఫ్ మిలిటరీ ట్రక్కు, మూడేళ్ళు వాడాక నా రివ్యూ: కొనేముందు బ్రేకుల సంగతి చదవండి

డాలస్‌కి గంటన్నర దూరంలో మేం తీసుకున్న 12 ఎకరాల్లో నీళ్ళ ట్యాంకు లాగడానికి, కొట్టేసిన చెట్ల దుంగలు మొయ్యడానికి ఒక బండి కావాల్సొచ్చింది. పికప్ ఉంది గానీ గట్టిగా వాన పడిందంటే ఆ నల్లమట్టిలో ఇరుసుల దాకా దిగబడిపోతుంది, అందుకని మూడేళ్ళ కింద అమెరికన్ ఆర్మీ వాడి తీసేసిన ఎం35ఏ2 ఒకటి కొన్నాను, నాది 1971 బండి. ఇక్కడ అందరూ డ్యూస్ అండ్ ఎ హాఫ్ అంటారు, అంటే రెండున్నర టన్నుల బండి అని. అది రోడ్డు లేని చోట లెక్క, తారురోడ్డు మీదైతే 5 టన్నులు మోస్తుంది. మూడు ఇరుసులకీ డ్రైవ్ ఉంది, టైర్లు పది, పవర్ స్టీరింగ్ లేదు, తాళంచెవి కూడా లేదు. స్విచ్ తిప్పి బటన్ నొక్కితే స్టార్ట్, నాబ్ లాగితే ఇంజిన్ ఆగుతుంది, అందుకే అందరూ స్టీరింగ్‌కి గొలుసేసి తాళం పెడతారు.

ముందు ఇంజిన్ గురించి, ఎందుకంటే అందరూ దాన్ని చూసే కొంటారు. 7.8 లీటర్లు, ఆరు సిలిండర్లు, టర్బో, మల్టీఫ్యూయల్. అంటే డీజిలే కాదు, కిరోసినూ జెట్ ఫ్యూయలూ పోసినా నడుస్తుంది, తప్పనిసరైతే పెట్రోలు కూడా. పిస్టన్ నెత్తిన చిన్న గిన్నెలాంటి గుంత ఉంటుంది, నాజిల్ డీజిల్‌ని ఆ గిన్నె గోడ మీదికి కొడుతుంది, గోడ వేడికి అది ఆవిరవుతూ కాలుతుంది. ఈ పద్ధతి జర్మనీ మాన్ కంపెనీది. మన శక్తిమాన్ లారీ కూడా ఆ కంపెనీ లైసెన్సు మీద చేసిందే, జబల్‌పూర్‌లో 1996 దాకా తయారైంది. మా బాబాయ్ సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లు రిపేరు చేసే విభాగంలో ఉండి ఏళ్ళ తరబడి శక్తిమాన్లు విప్పి బిగించినాయన. ఈ బండి కొన్నానని వీడియో కాల్‌లో చూపిస్తే, బానెట్ ఎత్తబోతుంటే ఆపి "ఒరేయ్ నాన్నా, ఇంజిన్ ఎక్కడికీ పోదు, ముందు బ్రేకులు చూపించు" అన్నాడు. నేను చూపించలేదు, ఒక షాపులో బ్రేకులు చెక్ చేయించి డబ్బులు కట్టొచ్చాను కదా అని ఊరుకున్నాను. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం, అంతా బాగుందని కాగితం మీద రాసిచ్చారు.

రెండో నెలలో వాగు వైపు దిగుతుంటే, వెనక నీళ్ళ ట్యాంకు నిండుగా ఉంది, లో గేరులో మెల్లగానే దిగుతున్నాను, పెడల్ తొక్కితే నేలకి తగిలింది. ఇంకోసారి తొక్కాను, అంతే, కాలి కింద ఏమీ లేదు. హ్యాండ్ బ్రేక్ లాగితే బండి ఆగింది, ఎందుకంటే అది చక్రాలకి కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉండే వేరే డ్రమ్ముకి. దిగి చూస్తే వెనక ఇరుసు దగ్గర రబ్బరు హోస్ చీలిపోయి బ్రేక్ ఆయిలంతా మట్టిలో ఉంది. క్యాబిన్ అడుగున డ్రైవర్ కాళ్ళ దగ్గర చిన్న రేకు మూత ఉంటుంది, అది తీస్తే బ్రేక్ ఆయిల్ ఉండే మాస్టర్ సిలిండర్ ప్లగ్ కనిపిస్తుంది, ప్లగ్ ఊడదీసి వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఆ రోజు ట్రక్కులో మా పెద్దోడు పక్క సీట్లో ఉన్నాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మన ఊళ్ళో కొత్త లారీల్లో ఎయిర్ పోతే చక్రాలు వాటంతటవే పట్టేస్తాయి, ఇందులో అలా కాదు. ఇది ఎయిర్ సాయంతో పనిచేసే ఆయిల్ బ్రేకు. ఎయిర్ పోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది గానీ కొంత బ్రేకు మిగులుతుంది. ఆయిల్ పోతే మాత్రం ఏమీ మిగలదు, ఎందుకంటే అన్ని చక్రాలకీ కలిపి ఉన్నది ఒకటే లైను, ఎక్కడ ఒక్క హోస్ చీలినా మొత్తం పోతుంది. కాబట్టి ఈ బండి కొన్నవాళ్ళు మొదటి నెలలోనే రబ్బరు హోస్‌లన్నీ, వీల్ సిలిండర్లన్నీ, తుప్పు పట్టిన స్టీలు పైపులు మార్చెయ్యండి, బాగానే కనిపిస్తున్నాయి కదా అని ఒక్కటి కూడా వదలొద్దు. ఆర్మీ వీటిలో ఊదారంగు సిలికాన్ ఫ్లూయిడ్ పోసేది, డాట్ 5 అంటారు, అది నీళ్ళు పీల్చదు. మామూలు బ్రేక్ ఆయిల్, అదే డాట్ 3తో కలపకూడదు. ఒంపేటప్పుడు మెల్లగా ఒంపాలి, నురగ పడితే బుడగలు తొందరగా పోవు, పెడల్ స్పాంజిలా ఉంటుంది, నేను రెండు వారాంతాలు బ్లీడ్ చేస్తూనే, అంటే పైపుల్లో గాలి బయటికి తీస్తూనే ఉన్నాను. ఇప్పుడు ప్రతిసారీ బయల్దేరే ముందు రేకు మూత తీసి ఆయిల్ చూస్తాను, ఎయిర్ ప్రెషర్ గేజి 60 పీఎస్ఐ దాటి, ఎయిర్ చాలదని మోగే బజర్ ఆగేదాకా కదలను.

రెండో తలనొప్పి డీజిల్ వైపు. ఇన్నేళ్ళు నిలవున్న బండికి ట్యాంకులో నీళ్ళూ తుప్పూ ఉండకుండా ఉండవు. ఒకసారి హైవే మీద 40 మైళ్ళ స్పీడులో బండి ఊగడం మొదలెట్టింది, వెనక్కి లాగి మళ్ళీ వదిలేసినట్టు, పొగ లేదు, సౌండు మారలేదు, లాగడం మాత్రం లేదు. ఇలా అయితే ఇంజిన్లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు పోయిందని భయపడకండి, ముందు స్విచ్ వేసి ట్యాంకు దగ్గర చెవి పెట్టండి, లోపలున్న ఎలక్ట్రిక్ పంపు సన్నగా గుయ్యిమనాలి. నాది వినబడింది. ప్రైమరీ ఫిల్టరు డ్రెయిన్ విప్పితే గాజుగ్లాసులో అడుగున రెండువేళ్ళ మందం నీళ్ళు, పైన డీజిల్. ఆ తర్వాత ఇంకో రెండు ఫిల్టర్లు ఉన్నాయి, మూడూ మార్చి, గాలి బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా బ్లీడ్ చేశాక మళ్ళీ ఆ సమస్య రాలేదు.

ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ కూడా వాసన చూడండి. ఇంజిన్ ఆయిల్ తగ్గకుండా పైకి వస్తుంటే సంతోషపడొద్దు, ఇంజెక్షన్ పంపు లోపల్నించి డీజిల్ కారి ఆయిల్లో కలుస్తుందన్నమాట, అలాగే నడిపితే బేరింగులు పోతాయి. ఈ పంపు మీద డీజిల్ చిక్కదనాన్ని బట్టి సరఫరా సర్దే భాగం ఒకటుంది, అది కూడా కారుతుంటుంది, డీజిల్ ఒక్కటే పోసేవాళ్ళు చాలామంది దాన్ని బైపాస్ చేసేస్తారు, నేనూ చేశాను. పవర్ కోసం పంపు తిప్పి డీజిల్ పెంచమని ఎవరైనా చెప్తే మాత్రం వినకండి, వేడి పెరిగి హెడ్ గ్యాస్కెట్ ఊదేస్తుంది.

కరెంటు 24 వోల్టులు, రెండు బ్యాటరీలు. ఫోన్ చార్జర్‌కి ఒక్క బ్యాటరీ నించి 12 లాగితే రెండూ పాడవుతాయి, కన్వర్టరు పెట్టుకోండి. టైర్లని రిమ్ముకి పట్టి ఉంచేది విడిగా ఊడొచ్చే ఇనప రింగు, గాలి కొట్టేటప్పుడు ఇనప బోనులో పెట్టే కొట్టించాలి, రింగు ఎగిరితే మనిషి బతకడు.

మైలేజీ గ్యాలన్‌కి 8, 9 మైళ్ళు, హాయిగా నడిచే స్పీడు 50 లోపే. వైపర్లు గాలితో నడుస్తాయి, వానలో చాలవు. అయినా ఇన్ని బాధలు పడ్డాక కూడా దీన్ని అమ్మను, పికప్ దిగబడిన చోట నించి పికప్‌నే లాక్కొచ్చింది. బాబాయ్ మొన్న విజిటర్ వీసా మీద వచ్చాడు, బూట్లేసుకుని నేరుగా బండి కిందికి దూరి టార్చి వేసి ఒక్కో హోస్ వేలితో వంచి చూశాడు. ముందు ఇరుసు కుడివైపుది మళ్ళీ మార్చమన్నాడు, ఆర్డర్ పెట్టాను.